బాడుగ ఇల్లు ఖాళీ చేయించడానికి నోటీసు: కర్నూలు ఇంటి యజమానులకు సమగ్ర మార్గదర్శి

ఇల్లు ఖాళీ చేయమని నోటీసు పంపే యజమాని, బాడుగదారు దాన్ని చదవగానే సామాను సర్దుకుంటాడన్న ఆశతోనే సాధారణంగా దాన్ని రాయిస్తాడు. చాలా వ్యవహారాలు అలా ముగుస్తాయి కూడా. ముగియని చోట మాత్రం అదే కాగితం కొన్నాళ్ళకు కోర్టులో ఎగ్జిబిట్‌గా నంబరు వేయించుకుంటుంది, అవతలి న్యాయవాది దాన్ని చేతిలో పట్టుకుని యజమానిని బోనులో ఒక్కో వాక్యం మీదా ప్రశ్నిస్తాడు. కాబట్టి నోటీసును బాడుగదారు కోసం ఎంత రాస్తామో, దాన్ని రేపు చదవబోయే జడ్జి కోసం కూడా అంతే రాయాలి. కర్నూలులో సొంత ఇంటి మీద ఒక అంతస్తో, పక్కన ఒక పోర్షనో బాడుగకు ఇచ్చుకున్న సాధారణ యజమానిని దృష్టిలో పెట్టుకుని ఈ మార్గదర్శిని రాశాము. దుకాణాలు, గోదాములు, కౌలు పొలాలు ఇందులోకి రావు.

మొదటి అడుగు: ఉన్న కాగితాలు బయటికి తీయడం

నోటీసు రాయడానికి ముందు ఒప్పంద పత్రం ముందు పెట్టుకోవాలి. మన ఊళ్ళో ఎక్కువగా కనిపించేది వంద రూపాయల స్టాంపు కాగితం మీద పదకొండు నెలలకు రాసుకుని, నోటరీ చేయించి, గడువు తీరాక ఎవరూ మళ్ళీ ముట్టుకోని పత్రం. పదకొండు నెలలైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న నమ్మకంతోనే ఆ లెక్క పుట్టింది. ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ ప్రకారం ఏడాది దాటిన లీజుకు రిజిస్టరు పత్రం తప్పనిసరి. అయితే రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్‌కు 1999లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ సవరణ ఏడాది పరిమితిని తీసివేసి, స్థిరాస్తి లీజులన్నిటినీ రిజిస్ట్రేషన్ పరిధిలోకి తెచ్చింది. రిజిస్టరు కాని పత్రంలోని షరతులను అదే చట్టం 49వ సెక్షన్ కారణంగా కోర్టు సాక్ష్యంగా తీసుకోకపోవచ్చు. బాడుగ సంబంధం ఉందని, ఇల్లు ఎవరి స్వాధీనంలో ఉందని చూపడం వంటి పరిమిత ప్రయోజనాలకే అది పనికి వస్తుంది. అలాంటప్పుడు ఆ బాడుగను నెలవారీ బాడుగగానే చూస్తారు.

పత్రంలో చూడవలసినవి కొన్నే. ఎవరెవరి పేర్లు ఉన్నాయి, నెల ఏ తేదీన మొదలవుతుంది, అడ్వాన్సు ఎంత, ఖాళీ చేయించడానికి ఎన్నాళ్ళ ముందు చెప్పాలని రాసుకున్నారు. రెండు నెలల ముందు తెలియజేయాలని ఒప్పందంలో ఉంటే, చట్టం పదిహేను రోజులే అన్నది కదా అని యజమాని వాదించడానికి వీల్లేదు, ఎందుకంటే చట్టంలోని గడువు వేరే ఒప్పందం లేనప్పుడే వర్తిస్తుంది.

రిజిస్టరు పత్రంతో మూడేళ్ళకో అయిదేళ్ళకో ఇచ్చిన ఇల్లయితే సంగతి వేరు. గడువు మధ్యలో మనసు మారిందని నోటీసు ఇస్తే చెల్లదు. షరతు ఉల్లంఘిస్తే లీజు రద్దవుతుందని, యజమాని ఇల్లు తిరిగి స్వాధీనం చేసుకోవచ్చని పత్రంలో స్పష్టంగా ఉన్నప్పుడే ఆస్తి బదిలీ చట్టం 111వ సెక్షన్ కింద మధ్యలో రద్దు చేయగలరు. అప్పుడు కూడా, బకాయి కాకుండా మరో షరతు ఉల్లంఘన కారణమైతే, 114-ఎ సెక్షన్ ప్రకారం ఉల్లంఘన ఏమిటో రాసి, సరిదిద్దుకోగలిగిందైతే సరిదిద్దుకోమని ముందుగా నోటీసు ఇవ్వాలి. కారణం బకాయి ఒక్కటే అయితే, దావా విచారణలో బాడుగదారు బకాయిని వడ్డీతో, ఖర్చులతో కట్టేస్తే కోర్టు లీజును నిలబెట్టే అవకాశం 114వ సెక్షన్‌లో ఉంది.

తర్వాత, నోటీసు ఇచ్చే హక్కు ఎవరిదో తేల్చుకోవాలి. తండ్రి పేరున ఉన్న ఇంటికి ఆయన పోయాక వారసులే యజమానులు. వారిలో ఒకరు నోటీసు ఇచ్చినా చెల్లుతుంది, కానీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అందరి పేరున ఇస్తే రేపు 'మీ అన్న నన్ను ఉండమన్నాడు' అన్న మాటకు తావుండదు. బాడుగదారుతో సహా ఇల్లు కొన్నవారికి 109వ సెక్షన్ ప్రకారం పాత యజమాని హక్కులన్నీ సంక్రమిస్తాయి. పిల్లలు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉండి తల్లిదండ్రులు వ్యవహారం చూస్తున్నప్పుడు, ఇల్లు పిల్లల పేరున ఉంటే, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ పత్రం ఉండాలి, దాని ప్రస్తావన నోటీసులో రావాలి. 2009 అక్టోబరు వరదలో పాతబస్తీలోని ఎన్నో ఇళ్ళలో బీరువాలతో సహా పత్రాలు నానిపోయాయి. అలా దస్తావేజు పోయినవారు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం నుంచి సర్టిఫైడ్ కాపీ ముందే తెచ్చుకుంటే మంచిది. దావా వేశాక దాని కోసం తిరగడం వృథా శ్రమ.

రెండో అడుగు: ఏ చట్టం కింద వస్తుందో తేల్చుకోవడం

ఈ రాష్ట్రంలో 1960 నాటి భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టం దశాబ్దాల పాటు నడిచింది. దాని కింద బాడుగదారును పంపాలంటే కారణం చూపి నిరూపించాలి: కావాలని బాడుగ ఎగ్గొట్టడం, అనుమతి లేకుండా వేరొకరికి ఇవ్వడం, ఇంటికి నష్టం చేయడం, యజమానికి నిజంగా ఇల్లు అవసరపడటం వంటివి. 2005 సవరణతో నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు, ఇతర ప్రాంతాల్లో 2,000 రూపాయలు బాడుగ దాటిన భవనాలు ఆ చట్టం నుంచి బయటికి వచ్చి, సాధారణ చట్టమైన ఆస్తి బదిలీ చట్టం కిందికి వెళ్ళాయి. ఆ తర్వాత 1960 చట్టం స్థానంలో నివాస, నివాసేతర ప్రాంగణాల అద్దె వ్యవహారాలకు 2017 చట్టాన్ని తెచ్చారు. రాతపూర్వక ఒప్పందం, దాన్ని రెంట్ అథారిటీకి తెలియజేయడం, వివాదాలకు రెంట్ కోర్టు అన్నవి ఆ పద్ధతికి మూలస్తంభాలు.

కాబట్టి నోటీసు పంపకముందే న్యాయవాది దగ్గర కూర్చుని మూడు విషయాలు తేల్చుకోవాలి: మీ ఒప్పందం ఏ తేదీది, అది రెంట్ అథారిటీ దగ్గర నమోదైందా, రేపు తలుపు తట్టవలసింది సివిల్ కోర్టుదా రెంట్ కోర్టుదా. ఈ సంప్రదింపుకు అయ్యే ఫీజు దగ్గర పిసినారితనం పనికిరాదు. తప్పు కోర్టులో వేసిన కేసు వెనక్కి వస్తే పోయేది డబ్బు కంటే కాలమే ఎక్కువ.

ఆస్తి బదిలీ చట్టం కింద నెలవారీ బాడుగను ముగించడానికి కారణం రాయనక్కర్లేదు. అద్దె చట్టాల కింద కారణమే ప్రాణం. అందుకే నిజమైన, నిరూపించగల కారణం ఉంటే దాన్నీ రాసి, బాడుగను ముగిస్తున్నామన్న మాటనూ రాసి, గడువు కొంచెం ఉదారంగా ఇచ్చిన నోటీసు ఎటుపోయినా నిలబడుతుంది.

మూడో అడుగు: గడువు లెక్క

వేరే ఒప్పందం లేనప్పుడు నివాస గృహం బాడుగను నెలవారీ బాడుగగా భావించి, పదిహేను రోజుల నోటీసుతో ముగించవచ్చని ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ చెబుతుంది. ఆరు నెలల గడువు వ్యవసాయానికి, తయారీ పరిశ్రమలకు ఇచ్చిన లీజులకే. పాత నిబంధనలో గడువు సరిగ్గా బాడుగ నెల చివరి రోజుతో ముగియాలని ఉండేది, ఒక రోజు తేడాతో కేసులు పోయేవి. 2002 డిసెంబరు 31 నుంచి అమలైన సవరణ ఆ బెడద తొలగించింది. ఇప్పుడు గడువు నోటీసు అందిన తేదీ నుంచి నడుస్తుంది. అందులో రాసిన గడువు తక్కువైనా, దావా వేసే నాటికి చట్టం చెప్పిన గడువు గడిచిపోయి ఉంటే ఆ ఒక్క కారణంతో నోటీసు చెల్లకుండా పోదు.

జూన్ 2న పోస్టు చేసిన నోటీసు బాడుగదారుకు 5న అందిందనుకుందాం. అందిన రోజును వదిలేస్తే పదిహేను రోజులు జూన్ 20తో పూర్తవుతాయి. అయినా పదిహేను రోజుల నోటీసు ఇవ్వమని మేము చెప్పము. స్కూలు పిల్లలున్న కుటుంబానికి జూన్ నడిమధ్యలో రెండు వారాల్లో మరో ఇల్లు దొరకడం కష్టం, ఆ ఇబ్బందిని రేపు కోర్టులో వాళ్ళు చెప్పుకుంటే జాలి వాళ్ళ వైపే ఉంటుంది. ముప్పై రోజులు కనీసమనుకోండి, పిల్లలుంటే ఏప్రిల్ చివరికో మే నెలకో గడువు పడేలా చూసుకోండి. తొందర పడి మిగుల్చుకునే రెండు వారాలు, కేసు పడితే పోయే ఏళ్ళ ముందు లెక్కలోకి రావు.

నాలుగో అడుగు: నోటీసు రాయడం

నోటీసు రాతపూర్వకంగా ఉండాలి, యజమాని గానీ ఆయన తరఫున అధికారం ఉన్నవారు గానీ సంతకం చేయాలి. న్యాయవాది ద్వారానే పంపాలన్న నియమం లేదు, కానీ పంపిస్తే మాటలో తూకం ఉంటుంది. బాడుగదారుకు తెలుగు వస్తే తెలుగులోనే రాయించండి, అర్థం కాలేదన్న సాకు ఉండదు. నమూనా ఇలా ఉండవచ్చు:

«కర్నూలు నగరం, ... వీధి, డోర్ నంబరు ... గల మా ఇంటి మొదటి అంతస్తులో రెండు గదులు, వంటగది, స్నానాల గది కలిగిన పోర్షన్‌లో మీరు నెలవారీ బాడుగదారుగా ఉన్నారు. నెల బాడుగ 8,000 రూపాయలు. దానిని ప్రతి నెల 5వ తేదీలోగా చెల్లించవలసి ఉంది. అడ్వాన్సుగా మీరు ఇచ్చిన 16,000 రూపాయలు మా వద్ద ఉన్నాయి. మార్చి, ఏప్రిల్, మే నెలల బాడుగ మొత్తం 24,000 రూపాయలు మీరు చెల్లించలేదు. ఈ నోటీసు ద్వారా మీ నెలవారీ బాడుగను ముగిస్తున్నాము. ఈ నోటీసు మీకు అందిన నాటి నుంచి 30 రోజులు పూర్తయ్యే లోగా బకాయి చెల్లించి, పై పోర్షన్‌ను ఖాళీ చేసి, తాళాలతో సహా మాకు అప్పగించవలసిందిగా కోరుతున్నాము. అప్పగించిన రోజున కరెంటు బిల్లు, చెల్లించని బకాయి ఏమైనా ఉంటే అవి మినహాయించి, అడ్వాన్సులో మిగిలినది మీకు తిరిగి ఇస్తాము. గడువు దాటిన తర్వాత మీరు ఉన్న కాలానికి వినియోగ నష్టపరిహారం కోరుతూ, మీ ఖర్చుల బాధ్యతపై కోర్టును ఆశ్రయిస్తాము.»

ఇందులో నాలుగు చోట్ల జాగ్రత్త అవసరం. ఇంటి గుర్తింపు తడబడకూడదు: ఒకే డోర్ నంబరు మీద మూడు పోర్షన్లున్న ఇళ్ళు బుధవారపేట వైపు, పాతబస్తీలో ఎన్నో ఉంటాయి కాబట్టి ఏ అంతస్తు, ఏ వైపు, ఎన్ని గదులు అన్నది రాయాలి. రెండోది, 'ముగిస్తున్నాము' అన్న ఖచ్చితమైన మాట. 'పెంచిన బాడుగ ఇవ్వండి, లేదంటే ఖాళీ చేయండి' అని రాసిన నోటీసు బాడుగను ముగించిందా, బేరం ఆడిందా అన్న సందేహానికి చోటిస్తుంది. మూడోది, అంకెలు. మీ పుస్తకంలోని జమలు, ఫోన్‌పే, గూగుల్‌పే ద్వారా వచ్చినవి అన్నీ సరిచూసుకున్న తర్వాతే బకాయి నెలలు రాయండి. ఒక్క నెల తప్పుగా రాసినా మిగతా నోటీసంతా అనుమానం పాలవుతుంది.

నాలుగోది అడ్వాన్సు. పెద్ద మొత్తం అడ్వాన్సు దగ్గర పెట్టుకుని, రెండు నెలల బాడుగ ఇవ్వలేదని ఎగవేత ఆరోపించడం బలహీనమైన వాదన. గూడూరు మోడరన్ హోటల్ కేసులో 1989లో సుప్రీంకోర్టు, యజమాని చేతిలో చట్ట పరిమితికి మించిన అడ్వాన్సు ఉన్నప్పుడు బాడుగదారును ఎగవేతదారు అనలేమని 1960 చట్టం కిందనే తీర్పు చెప్పింది. పది నెలల అడ్వాన్సు తీసుకునే యజమానులకు ఈ తీర్పు ఎవరూ చెప్పినట్టు లేదు. బకాయి అడ్వాన్సును మించనప్పుడు, ఆ కారణం మీద ఆధారపడకుండా మరో కారణం చూసుకోవడమే మేలు.

ఇక నిరూపించలేని ఆరోపణలు రాయకండి. తాగి గొడవ చేస్తున్నారని, ఇంటికి ఎవరెవరో వస్తున్నారని రాయడం కోపానికి ఉపశమనమే తప్ప కేసుకు బలం కాదు. ప్రతి ఆరోపణకూ ఒక సాక్షి కావాలి, ఆ సాక్షి పక్కింటి మనిషే అయివుంటాడు, రేపు రావడానికి ఇష్టపడడు.

అయిదో అడుగు: అందేలా పంపడం

చట్టం అంగీకరించే మార్గాలు ఇవి: తపాలా ద్వారా పంపడం, బాడుగదారు చేతికి ఇవ్వడం, ఆయన నివాసంలో కుటుంబ సభ్యులకో పనివారికో ఇవ్వడం, ఇవేవీ సాధ్యం కానప్పుడు ఇంటికి కనబడే చోట అంటించడం. వాట్సాప్ ఈ వరసలో లేదు. అది అదనంగా పంపుకోండి, దానిమీదే ఆధారపడకండి.

తపాలానే ఉత్తమం. తపాలా శాఖ 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేసింది కాబట్టి, ఇప్పుడు కౌంటరులో స్పీడ్ పోస్టు కట్టి, చిరునామాదారు చేతికే అందించేలా రిజిస్ట్రేషన్ సౌకర్యాన్ని, అందినట్టు రుజువును అడిగి తీసుకోవాలి. బుకింగ్ రసీదు, ట్రాకింగ్ పేజీ ప్రింటు, నోటీసు ఆఫీసు కాపీ మూడూ ఒకే కవరులో భద్రపరచండి. థర్మల్ రసీదు మీది అక్షరాలు కొన్ని నెలలకే వెలిసిపోతాయి, అదే రోజు జిరాక్సు తీయించండి.

బాడుగదారు తీసుకోను అన్నాడని, తలుపు తాళం వేసి ఉందని కవరు తిరిగి వస్తే కంగారు పడనక్కర్లేదు, దాన్ని విప్పకూడదు కూడా. సరైన చిరునామాతో, తపాలా ఖర్చు చెల్లించి పంపిన రిజిస్టరు లేఖ అందినట్టే భావించాలని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ అంటుంది. అందలేదని నిరూపించవలసిన భారం అవతలివారి మీద పడుతుంది. మూసి ఉన్న ఆ కవరు మీద పోస్టుమ్యాన్ రాసిన 'నిరాకరించారు' అన్న మాటే మీ సాక్ష్యం. చేతికి ఇచ్చేటప్పుడు కాపీ మీద సంతకం, తేదీ తీసుకోండి. సంతకం చేయనంటే వాదించకుండా వెనక్కి వచ్చి తపాలాకు వేయండి. అంటించవలసి వస్తే ఇద్దరు ఇరుగుపొరుగు వారి ఎదుట అంటించి, తేదీతో ఫోటో తీసి, వారి సంతకాలతో చిన్న పంచనామా రాసుకోండి.

దంపతులు ఇద్దరూ ఒప్పందంలో సంతకం చేసి ఉంటే ఇద్దరి పేర్లూ రాసి విడివిడిగా పంపండి. బాడుగదారు చనిపోయి కుటుంబం ఉంటున్నప్పుడు వారసులందరి పేర్లూ రాయండి.

నోటీసు తర్వాతి నెలలు

యజమానులు ఎక్కువగా పొరపాటు పడేది ఇక్కడే. గడువు తీరాక బాడుగదారు ఎప్పటిలాగే డబ్బు ఇస్తాడు, యజమాని ఎప్పటిలాగే 'బాడుగ ముట్టినది' అని రసీదు రాస్తాడు. బాడుగ కొనసాగించే ఉద్దేశంతో నోటీసును వదులుకున్నట్టు 113వ సెక్షన్ కింద వాదించడానికి ఆ రసీదే ఆధారమవుతుంది. డబ్బు తీసుకోవడమే బాడుగ పొడిగింపు కాదని కోర్టులు చెప్పినా, ఆ వాదనకు అవకాశం ఇవ్వడమెందుకు? డబ్బు తీసుకోండి, కానీ 'నోటీసు హక్కులకు భంగం లేకుండా, వినియోగ నష్టపరిహారం కింద' అని రాసి ఇవ్వండి. ఆన్‌లైన్‌లో నేరుగా ఖాతాలో పడితే అదే మాట అదే రోజు మెసేజీగా పంపండి.

బాడుగదారు నుంచి జవాబు నోటీసు వస్తే పక్కన పడేయకూడదు. అందులో కొత్త విషయం ఉంటే, ఉదాహరణకు మోటారు మరమ్మతుకు తాను ఖర్చు పెట్టానని లెక్క చూపితే, దానికి చిన్న జవాబు ఇవ్వండి. జవాబు రాకపోయినా దాన్ని గెలుపుగా అనుకోకండి.

చేయకూడని పనులు

కర్నూలు ఎండాకాలంలో నీళ్ళ మోటారు స్విచ్ యజమాని ఇంట్లోనే ఉంటుంది. కోపం వచ్చినప్పుడు చేయి దాని మీదికే పోతుంది. నీళ్ళు, కరెంటు ఆపడం, ఊరెళ్ళినప్పుడు తాళం మార్చడం, సామాను వరండాలో పెట్టడం ఏదీ చేయకూడదు. చట్ట మార్గం తప్పించి ఇంటి నుంచి బయటికి పంపబడిన బాడుగదారు, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేసి, ఇల్లు ఎవరిదన్న ప్రశ్నతో పనిలేకుండా తిరిగి స్వాధీనం పొందవచ్చు. అంటే సొంతింటి యజమానే ప్రతివాదిగా నిలబడాలి. పోలీసు స్టేషనుకు వెళ్ళి ఖాళీ చేయించమన్నా, సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెట్టినా చివరికి కోర్టుకే వెళ్ళమంటారు.

గడువు దాటినా కదలకపోతే

దావాకు ముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టి లోక్ అదాలత్ ప్రయత్నం చేయవచ్చు. బకాయిలో కొంత వదులుకుని, ఖాళీ చేసే తేదీ రాయించుకుంటే, లోక్ అదాలత్ ఇచ్చే ఆ తీర్పుకు (అవార్డుకు) సివిల్ కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, దానిమీద అప్పీలు ఉండదు. మా అభిప్రాయంలో చిన్న పోర్షన్ల తగాదాల్లో ఇదే తొందరైన దారి.

సివిల్ దావా అయితే స్వాధీనం, బకాయి, నష్టపరిహారం మూడూ కలిపి అడగాలి. కోర్టు ఫీజు ఇంటి మార్కెట్ విలువ మీద పడదు. స్వాధీనం కోరడానికి ఫీజును దావాకు ముందటి ఏడాది బాడుగ మీద లెక్కిస్తారు కాబట్టి భారం తక్కువే. బకాయి వసూలుకు ప్రతి నెల బాడుగకూ మూడేళ్ళ కాలపరిమితి ఉంది. స్వాధీనానికి బాడుగ ముగిసిన నాటి నుంచి పన్నెండేళ్ళు. నోటీసులో లోపముందని తెలిస్తే భయపడి దావా ఉపసంహరించుకోనక్కర్లేదు, సాధారణ చట్టం కింద దావా వేయడమే ఖాళీ చేయమన్న నోటీసని నోపానీ ఇన్వెస్ట్‌మెంట్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అది తప్పు జరిగాక పట్టుకునే ఊతం, ముందుగా ఎంచుకునే దారి కాదు.

ఇల్లు అప్పగించుకునే రోజు

బాడుగదారు వెళ్ళిపోతానంటే, తాళాలు చేతికి వచ్చేవరకూ అడ్వాన్సు ఇవ్వకండి, తాళాలు వచ్చాక ఆపకండి. గదులన్నీ కలిసి చూసి, కరెంటు మీటరు రీడింగ్ ఫోటో తీసి, ఎస్పీడీసీఎల్ బిల్లు బాకీ లేదని నిర్ధారించుకోండి. ఒక కాగితం మీద 'ఫలానా తేదీన పోర్షన్ ఖాళీ చేసి, ఇన్ని తాళాలు అప్పగించాను, అడ్వాన్సులో ఇంత మినహాయించి ఇంత ముట్టింది, ఒకరికొకరం బాకీ లేము' అని రాసి, ఇద్దరూ సంతకం చేసి, చెరొక కాపీ ఉంచుకోండి. సామాను కొంత లోపలే వదిలి వారం తర్వాత తీసుకుంటానంటే, ఏయే వస్తువులో జాబితా రాసి, ఏ తేదీలోగా తీసుకువెళ్ళాలో అదే కాగితంలో రాయించండి. ఆ రాత లేకుండా ఒక్క బీరువా మిగిలినా, ఇల్లు అప్పగించారా లేదా అన్న తగువు మళ్ళీ మొదటికి వస్తుంది.